కంపెనీ దుర్గయ్య, మోడల్ సంతోష్‌నగర్

లోకంలో కారు కొన్నవాళ్లున్నారు, కారు అమ్ముకున్నవాళ్లున్నారు. కారు కట్టుకున్నవాడు మాత్రం సంతోష్‌నగర్ మొత్తానికి దుర్గయ్య ఒక్కడే. ఇల్లు కట్టుకున్నట్టే కట్టుకున్నాడు. చేతిలో ఉన్నప్పుడు కొంత కట్టి, లేనప్పుడు ఆపి, వానొస్తే పట్టా కప్పాడు. గృహప్రవేశం మాత్రం కాలేదు. ఎందుకంటే ఇల్లాలు అందులో కాలు పెట్టలేదు.

ఉద్యోగరీత్యా దుర్గయ్య పాతబస్తీ గల్లీలకు మంచినీళ్లు వదిలే మనిషి. పొడుగాటి ఇనుప చావి భుజాన వేసుకుని, రోడ్డు మీద మూత ఎత్తి, లోపలి వాల్వు తిప్పేవాడు. ఆయన వస్తున్నాడంటే బిందెలు వరసలో నిలబడేవి. ఒక గల్లీలో ఒక పెద్దమనిషికి, దుర్గయ్య నీళ్లు తొందరగా కట్టేస్తున్నాడని అనుమానం. తానే వెళ్లి వాల్వు తిప్పేవాడు. దాంతో కింది గల్లీకి నీళ్లు పోయేవి కావు, కింది గల్లీ పై గల్లీ మీదికి వచ్చేది. దుర్గయ్య ఎవరితోనూ వాదించలేదు. పాత సామానులోంచి ఒక ఇనుప చక్రం తెచ్చి, పెద్దమనిషి గోడ పక్కన ఎక్కడికీ పోని పైపు ముక్కకు బిగించి, దానికి ఎర్ర రంగు వేశాడు. "ఇగ నీ వాల్వు నీ చేతుల్నే ఉన్నది బాపు" అని అప్పజెప్పాడు. అసలు వాల్వు రోడ్డు కింద మూత కిందే ఉంది. పెద్దమనిషి తుదిశ్వాస దాకా ఆ చక్రం తిప్పుతూనే ఉన్నాడు. గల్లీలో లొల్లి ఆగింది. నీళ్లు ఎప్పుడూ వచ్చినట్టే వచ్చాయి. దుర్గయ్య ఉద్యోగ జీవితంలో ఇంతకు మించిన పరిపాలనా సంస్కరణ లేదు.

పదవీ విరమణ తర్వాత మనుషులు తీర్థయాత్రలకు పోతారు, లేదా షుగరు తెచ్చుకుంటారు. దుర్గయ్య కారు తెచ్చుకున్నాడు, అదీ ముక్కలుగా. పుణేలో ఒకాయన తాతల కాలం నాటి తెల్లదొరల కారు ఆకారాన్ని ఫైబర్‌తో పోసి అమ్మేవాడు. ఒళ్లు ఆయనిస్తాడు. ఇంజను, చక్రాలు, మిగతా అవయవాలు కొన్నవాడు వెతుక్కోవాలి. దీన్ని కిట్ కారు అంటారు. అంటే పెళ్లిపత్రిక అచ్చువేసి చేతికిచ్చి, పిల్లనూ పిల్లగాణ్నీ మీరే చూసుకోండి అనడం లాంటిది. దుర్గయ్య పాత ఫియట్ ఇంజను సంపాదించాడు. ఇద్దరే కూర్చునే కారు. తలపైన కప్పు లేదు. కప్ప కళ్ల లాంటి రెండు దీపాలు. ముందు నిలువుగా, సన్నగా, కిందికి పోను పోను ఇంకా సన్నబడే మూతి. మూతి నెత్తిన ఇత్తడి మూత. ఆ మూత తీసి నీళ్లు పోస్తే నేరుగా ఇంజనును చల్లబరిచే రేడియేటర్‌లోకి పోతాయి. అంత సన్నటి మూతిలో పట్టేలా రేడియేటర్‌ను కూడా పుణే ఆయనే చేసి పంపాడు. తర్వాత వ్యాపారం మూసేసి, ఫోను ఎత్తడం మానేశాడు.

కారు నిలబెట్టడానికి వాకిట్లో తులసికోట అడ్డమైంది. తులసి మేడ మీదికి పోయింది. ఇల్లాలు సుందరమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఎంత ప్రమాదమో దుర్గయ్యకు కాపురం మొదటి ఏడాదే తెలిసింది. కారును ఆమె ఏనాడూ కారు అనలేదు, "అది" అంది. ఒకసారి మాత్రం నలుగురిలో తన షరతు ప్రకటించింది.

"అది ఎవ్వలు నూకకుండ మా తమ్ముని ఇంటిదాంక పోయి మల్ల ఇంటికొచ్చిన్నాడు ఎక్కుత. అప్పటిదాంక నాకు ఆటో ఉన్నది."

తమ్ముడు బాలరాజ్ ఇల్లు పురానాపూల్‌లో. అది మొదలు శుభకార్యం ఏదొచ్చినా దుర్గయ్య కారులో, సుందరమ్మ ఆటోలో బయలుదేరేవారు. సుందరమ్మ ముందు చేరి, భర్తకు విస్తరి పట్టి ఉంచేది. దుర్గయ్య చివరి పంక్తికి, చొక్కా చేతులు మడిచి, నల్లటి అరచేతులతో వచ్చేవాడు. కారు ప్రతిసారీ నడుమ ఎక్కడో మరిగి ఆగేది.

అన్నిటిలోకీ పేరుపడ్డది లాడ్ బజార్ దగ్గర ఆగడం. గాజుల దుకాణాల ముందు మూతిలోంచి ఆవిరి లేచింది. పెళ్లికి ముందు ఫొటోలు దిగుతున్న ఒక జంట అక్కడే ఉంది. ఫొటోగ్రాఫర్ పరుగెత్తుకొచ్చి, అడగకుండానే పిల్లను కారు పక్కన నిలబెట్టాడు. ఆవిరి తగ్గుతుంటే దుర్గయ్యను బతిమాలాడు.

"అంకుల్, ఇంకొక్కసారి పొగ ఇడువరా? పిల్ల కండ్లు మూసుకున్నది."

"అది నా చేతుల లేదు బిడ్డా" అన్నాడు దుర్గయ్య. పచ్చి నిజం.

ఆయన నీళ్ల మనిషి కనుక రేడియేటర్ మూత తీసి చూడకపోలేదు. నీళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. వృత్తిరీత్యా నీళ్లలో అన్ని రంగులూ చూసినవాడు కనుక ఆశ్చర్యపోలేదు. పుణే ఆయన వాడిన ఇత్తడి మంచిది కాదని తీర్మానించాడు. ఇంకొక విచిత్రం కూడా గమనించాడు. మిగతా రోజుల్లో నీళ్లు కొంత తగ్గేవి. శుక్రవారాలు మాత్రం మూత దాకా నిండి ఉండేవి. దీన్ని ప్రకృతి వైపరీత్యాల కింద జమకట్టి ఊరుకున్నాడు.

అలా ఉండగా బాలరాజ్ వచ్చాడు.

"బావా, వచ్చే ఐతారం అక్కకు ఒడిబియ్యం పోస్తున్నం. ఇద్దరు పొద్దుగాల్నే రావాలె. నువ్వు గూడ ఆటోల రా, నీకు దండం పెడత."

ఒడిబియ్యం అంటే పుట్టింటివాళ్లు ఆడపిల్లను, అల్లుణ్ని పీటల మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసి కట్టి పంపడం. ఆ బియ్యం అత్తగారింటి దేవుడి ముందు పెట్టి వండుకోవాలి. సుందరమ్మ తల్లి పెట్టిన నియమం ఇంకొకటుంది: ఒడి నిండాక కాలు మళ్లీ సొంత గడపలోనే పెట్టాలి, దారిలో దిగకూడదు. ఒకసారి ఆటో టైరు పంక్చరైతే సుందరమ్మ ఒడి పట్టుకుని ఆటోలోనే కూర్చుంది. ఆమె కూర్చుని ఉండగానే టైరు మార్చారు.

దుర్గయ్యకు ఎక్కడో తగిలింది. "ఆటో గీటో లేదు. కార్లనే తోల్కపోత" అన్నాడు.

బాలరాజ్ అక్క వైపు చూశాడు. సుందరమ్మ చిక్కుడుకాయలు తుంచడం ఆపకుండానే తీర్పు చెప్పింది. "దాని రేడియేటరో గీడియేటరో కొత్తది వెయ్యిపియ్. వెయ్యిపిస్తె ఎక్కుత. ఒడి పట్టుకున్న మనిషిని నడుమ రోడ్డు మీద దింపినవా, ఇగ ఈ జన్మల దాని మొకం చూడ."

"సిగ్నల్ కాడ ఆగితే?" అని అడిగాడు దుర్గయ్య. ఒప్పందాలు ముందే స్పష్టంగా ఉండాలని ఆయన నమ్మకం.

"సిగ్నల్ కాడ అది ఆగినట్టు కాదు. పోలీసోడు ఆపినట్టు."

అంత న్యాయంగా మాట్లాడిన మనిషిని మోసం చేయలేం. మర్నాడు దుర్గయ్య రేడియేటర్ వేటకు బయలుదేరాడు.

మొదట శ్రవణ్‌కుమార్ దుకాణానికి వెళ్లాడు. తాత పెట్టిన స్పేర్ పార్టుల దుకాణంలో మనవడు కంప్యూటర్ పెట్టాడు. కంప్యూటర్ వచ్చాక ఆ దుకాణంలో వస్తువు కన్నా ముందు ప్రశ్నలు దొరుకుతున్నాయి.

"కంపెనీ ఏంది కాకా?"

"నేనే."

"కార్ కంపెనీ అడుగుతున్న."

"నేను గూడ గదే చెప్తున్న. నేనే కట్టిన."

శ్రవణ్‌కుమార్ వేళ్లు ఒక క్షణం గాలిలో ఆగాయి. వ్యాపార కుటుంబంలో పుట్టినవాడు, గిరాకీ చెప్పింది కాదనడు. టైపు చేశాడు.

"మోడల్?"

"సంతోష్‌నగర్."

"ఏ సాల్ ది?"

"ఇంకా పూర్తి కాలె."

కంప్యూటర్ చాలాసేపు ఆలోచించింది. శ్రవణ్‌కుమార్ విచారంగా తల ఊపాడు. "సంతోష్‌నగర్‌ది స్టాక్ లేదు కాకా. వస్తే ఫోన్ చేస్త."

తర్వాత గురువారం వచ్చింది. గురువారమంటే పురానాపూల్ పక్కన జుమ్మేరాత్ బజార్. ఒకరింట్లో పనికిరానిదల్లా ఇంకొకరింటికి పనికొస్తుందన్న సిద్ధాంతం మీద నడిచే పాత సామాన్ల అంగడి. దుర్గయ్య కారు మూతి కొలతకు అట్టముక్క కత్తిరించి, దేవుడి పటంలా చంకలో పెట్టుకుని వెళ్లాడు. పాత రేడియేటర్ల కుప్ప ముందు కూర్చున్న మొయిజ్ భాయ్ ఆ అట్టను తిప్పి తిప్పి చూశాడు.

"యే కిస్కా నాప్ హై చాచా? కార్ కా, యా కిసీ కీ నాక్ కా?"

"కార్‌దే భాయ్. ముక్కు కొలత కాదు, జర మూతి సన్నగుంటది."

మొయిజ్ భాయ్ కుప్పలోంచి ఒక జనరేటర్ రేడియేటర్ లాగాడు. అడ్డంగా తలుపంత ఉంది. దుర్గయ్య దాని మీద అట్ట పెట్టాడు. తలుపు మీద తపాలా బిళ్ల అంటించినట్టుంది.

"పట్టది భాయ్."

"కార్ కౌన్ బనాయా?"

"నేనే."

"తో ఫిర్ క్యా ఫికర్!" అన్నాడు మొయిజ్ భాయ్, చిక్కు విప్పేసినవాడిలా. "రేడియేటర్ యే లేలో. ఇస్కే హిసాబ్ సే దూస్రీ కార్ బనాలో."

రేడియేటర్ కొని దాని కొలతకు ఇంకో కారు కట్టుకొమ్మన్న ఈ సలహాను దుర్గయ్య కొట్టిపారేయలేదు. ఎండలో నిలబడి నిజాయితీగా ఆలోచించాడు. వాకిలి సరిపోదని తేలింది. మేడ మీద తులసి ఉంది. "నక్కో భాయ్" అన్నాడు.

మొయిజ్ భాయ్‌కి జాలేసింది. "ఐసా కరో, పుల్ కే బాజూ డానియేల్ కే పాస్ జావ్. ఉస్కో 'నై హోతా' బోల్నా నై ఆతా. ఉస్కీ బీమారీ హై."

కాదనడం చేతకాని ఆ డానియేలు పాత వంతెన పక్కన రేకుల షెడ్డులో రేడియేటర్లకు మాట్లు వేస్తాడు. మొయిజ్ భాయ్ చెప్పింది నిజమే. షెడ్డు నిండా 'అయితది' అని ఒప్పుకున్న పనులు పేరుకుపోయి ఉన్నాయి. నడవడానికి దారి లేదు.

"అయితది అన్నా" అన్నాడు డానియేలు, దుర్గయ్య ఇంకా నోరు తెరవకముందే. విన్నాక మళ్లీ అన్నాడు, "అయితది. పాతది తీస్కరా. దాని కొలతకు గొట్టాల జాలి కొత్తది కట్టిస్త. ఐతారానికి కావాల్నా? అయితది."

ఆ సాయంత్రమే దుర్గయ్య పాత రేడియేటర్ విప్పి ఆటోలో తెచ్చాడు. కొలత తీయాలంటే పై డబ్బా ఊడదీయాలి. డానియేలు గ్యాసు మంట పెట్టి అతుకు కరిగించి, డబ్బా పైకి ఎత్తి, లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మంట ఆర్పేశాడు.

"అన్నా, నీ కారుకు ఒడిబియ్యం ఎవ్వలు పోసిండ్రు?"

దుర్గయ్య వంగి చూశాడు. డబ్బాలో పసుపు పచ్చటి ముద్ద. ముద్దలో తులసాకులు. నీళ్లు దిగాల్సిన సన్నటి గొట్టాల నోళ్లలో అన్నం మెతుకులు. బియ్యంగా వెళ్లినవే, ఇంజను వేడికి ఉడికాయి. పసుపు పట్టింది, బోరు నీళ్ల ఉప్పూ చేరింది. తాలింపు ఒక్కటే తక్కువ.

"ప్రతి శుక్రారం..." అన్నాడు దుర్గయ్య.

శుక్రవారం తెల్లవారగట్ల సుందరమ్మ దేవుడి గదిలోంచి రాగి చెంబుతో వాకిట్లోకి వస్తుంది. ఒకటి రెండుసార్లు ఆమె కారు మూతి దగ్గర నిలబడి పెదాలు కదపడం దుర్గయ్య కిటికీలోంచి చూశాడు. కారును తిడుతోందనుకుని, తిట్టే హక్కు ఆమెకు ఉందని, మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు. ఆమె పోసింది పూజ చేసిన తీర్థం. పసుపు, అక్షింతలు, తులసి, పచ్చకర్పూరం. ఎక్కనంటే ఎక్కనని పంతం పట్టిన మనిషి, అది నడుమ ఆగి ఆయన నలుగురిలో నవ్వులపాలు కాకూడదని వారం వారం దాని గొంతులో తీర్థం పోసింది. అందుకే అది నడుమ ఆగింది.

"చెప్పు వదినెకు, పొయ్యొద్దని" అన్నాడు డానియేలు.

"ఏమని చెప్పాలె? నువ్వు నా కోసం మొక్కుతే కారు చచ్చిందనా?"

డానియేలు క్రైస్తవుడు. అయినా మొక్కు సంగతి మొక్కేనని మంట గొట్టం గౌరవంగా పక్కన పెట్టాడు. "చెప్పకపోతె కొత్తదాంట్ల గూడ పులిహోర చేస్తది" అన్నాడు.

దుర్గయ్య స్టూలు మీద కూర్చుని షెడ్డు బయటికి చూశాడు. ఎర్రరంగు వేసిన ఇనుప చక్రం ఒకటి ఆయన మనసులో మెల్లగా తిరిగింది.

"డానియేలు, నీళ్లు పోసే మూత లోపల పెట్టు, బానెట్ కింద. మూతి మీద ఇత్తడి మూత ఉండనియ్. దాని కింద చిన్న గిన్నె అతుకు. రెంటికి సంబంధం ఉండొద్దు."

"అయితది. గిన్నె నిండితే నీళ్లు యాడికి పోవాలె? కిందికి పైపు పెడదమా?"

"తీర్థం రోడ్డు మీద పోస్తమా?" దుర్గయ్య ఉలిక్కిపడ్డాడు.

"తప్పు తప్పు" అని డానియేలు కూడా చెంపలు వేసుకున్నాడు. నలుగురు తొక్కే చోట పోయకూడదన్న దాంట్లో రెండు మతాలకూ భేదం రాలేదు. తొక్కని చోటు కారులో ఎక్కడుందని ఇద్దరూ గట్టిగా ఆలోచించారు. చివరికి అద్దం కడిగే నీళ్ల డబ్బా తేలింది. గిన్నె నుంచి ఆ డబ్బాకు సన్నటి పైపు వేశారు. అక్షింతలు అడ్డం పడకుండా గిన్నెలో కొత్త చాయ్ జాలి కూర్చోబెట్టారు.

శనివారం డానియేలు వచ్చి వాకిట్లోనే అన్నీ బిగించాడు, సాయంత్రానికి కారు మూతి మూసుకుంది. బయటికి చూస్తే ఏమీ మారలేదు.

ఆదివారం తెల్లవారింది. మొన్న శుక్రవారం మూతి విప్పి ఉండి తీర్థం పోయలేకపోయిన సుందరమ్మ, ఇప్పుడు చెంబుతో బయటికి వచ్చింది. దుర్గయ్య స్నానాలగదిలో తలుపు గడియ వేసుకుని, కావలసిన దానికన్నా ఎక్కువసేపు పళ్లు తోముకున్నాడు. ఇత్తడి మూత తిరిగిన చప్పుడు, నీళ్లు జారిన చప్పుడు, మళ్లీ మూత చప్పుడు వినిపించాయి. అప్పుడు బయటికి వచ్చాడు.

సుందరమ్మ పట్టుచీర కట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కింది. గల్లీ మొత్తం గేట్ల దగ్గరికి వచ్చి చూసింది. "పైలం పిన్నీ, ఆటో ఎనకంగ రమ్మందునా?" అని ఎవరో అన్నారు. సుందరమ్మ వినిపించుకోలేదు.

పోయేటప్పుడు ఆగలేదు. బాలరాజ్ ఇంటి ముందు దిగుతుంటే అతను బావను కాదు, కారు మూతిని తాకి చూశాడు. "గరం గూడ కాలే!" అన్నాడు, నమ్మలేక. ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టారు. ఒడిలో బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు. భోజనాలయ్యాక సుందరమ్మ నిండు ఒడి రెండు చేతులా పట్టుకుని మళ్లీ కారెక్కింది. అసలు పరీక్ష ఇప్పుడు.

హుస్సేనీ ఆలం దాటారు. వేడి చూపే ముల్లు నడుమ గీత మీద ధ్యానంలో ఉన్నట్టు కదలకుండా ఉంది. మొఘల్‌పురా దాటారు. యాకుత్‌పురా దగ్గర పడగొట్టిన ఇంటి మట్టి నింపుకున్న లారీ ఒకటి ముందుకొచ్చింది. దుమ్ము లేచి అద్దం మూసుకుపోయింది. దారి కనపడక దుర్గయ్య, డ్రైవింగు వచ్చిన ఎవరైనా చేసే పనే చేశాడు. అద్దం కడిగే మీట నొక్కాడు.

తీర్థం లేచింది. కొంత అద్దం మీద పడింది. పైకప్పు లేని కారు కనుక మిగతాది అద్దం మీదుగా వచ్చి భార్యాభర్తలిద్దరి మీదా సమానంగా చిలకరించబడింది.

సుందరమ్మ చెంప మీది తడిని వేలితో తీసి చూసింది. వేలు పచ్చగా ఉంది.

"గివేం నీళ్లు?"

"అద్దం కడిగేటియి."

"అద్దం కడిగేటి నీళ్లు పచ్చకర్పూరం వాసనెందుకొస్తయి?"

దుర్గయ్య అవసరం లేకపోయినా గేరు మార్చాడు.

"ఆపు" అంది సుందరమ్మ.

"ఒడి పట్టుకొని దిగొద్దు."

"దిగుతనని ఎవ్వలన్నరు? ఆపుమన్న. నీ మొకం చూసి అడగాలె."

"ఆపితె ఆగింది అంటవ్. పోకుంటనే అడుగు."

ఆమె పోతుండగానే అడిగింది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. డబ్బా, మెతుకులు, రెండు మూతలు, చాయ్ జాలి అన్నీ చెప్పాడు. పులిహోర మాట మాత్రం దాచాడు. యాకుత్‌పురా అయిపోయింది. ఆమె ఒడి సర్దుకుంది.

"అంటే ఇన్నొద్దులు అది గరం అయింది నా తోని."

"ఇత్తడి గూడ మంచిది కాదు."

"నిజం చెప్పు."

"ఇత్తడి మంచిదే."

సిగ్నల్ పడింది. పోలీసు ఆపాడు కనుక అది ఆగడం కిందికి రాదు. పక్కన ఆటోలో ఎవరో కారును ఫొటో తీసుకున్నారు.

"మల్ల గురువారమే ఎందుకు చెప్పలె?"

"చెప్తె నువ్వు పొయ్యుడు బంద్ చేస్తవ్" అన్నాడు దుర్గయ్య.

పచ్చలైటు పడింది. వెనకవాళ్లు హారన్లు కొట్టారు. తమ గల్లీ మలుపు తిరుగుతుండగా సుందరమ్మ, "జాలి కొత్తదేనా? చాయ్ వడగట్టింది కాదు గద?" అంది.

"కొత్తదే."

"అండ్ల నిలిచిన అక్షింతలు చెత్తల పారెయ్యకు. పిట్టలకెయ్యి."

కారు సొంత గడప ముందు, ఆగాల్సిన చోట ఆగింది. సుందరమ్మ ఒడి పట్టుకుని దిగి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లి, బియ్యం దేవుడి ముందు పెట్టింది.

తర్వాతి శుక్రవారం దుర్గయ్యకు దుప్పటి కప్పుకునే అవకాశం దొరకలేదు. సుందరమ్మ చెంబుతో వచ్చి, కిటికీ ఊచ మీద తట్టి లేపింది. "అసలు మూత చూపెట్టు" అంది.

ఆయన బానెట్ ఎత్తి చూపించాడు. ఆమె తడి చేత్తో దానికి కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టి, బానెట్ మూయించింది. తర్వాత ముందుకు వచ్చి, మూతి మీది ఇత్తడి మూత తీసి, గిన్నెలో తీర్థం పోసింది. ఒక్క చుక్క కింద పడకుండా పోసి, మూత బిగించింది.

ఆ రోజు ఎక్కడికీ పోయే పని లేదు. సుందరమ్మ ఎక్కి కూర్చుంది.

"ఈపారి పచ్చకర్పూరం తక్కువేసిన" అంది, అద్దం కడిగే మీట చూపిస్తూ. "మొన్న కండ్లు మండినయ్."